పదంగుళాల అలుగు

దూలం నుంచి ఓ తాడు వేలాడుతూ ఉంటుంది. అంగుళం మందం. కింది కొసకు బరువేమీ కట్టరు, గాలి వీస్తే ఊగుతుంది. ఆ కొసకు ఆరంగుళాల పైన కత్తి తగలాలి, ఒక్క వేటుకు ముక్క తెగి కింద పడాలి. ఆ తర్వాత అదే కత్తితో, మధ్యలో సాన పట్టకుండా, ఇళ్ళ కట్టుబడికి వాడే చెక్కను అడ్డంగా రెండుసార్లు నరకాలి. నరికిన అంచుతోనే ముంజేతి మీద వెంట్రుకలు గొరగాలి. చివరగా కత్తి కొసను బెంచీ వైసులో బిగించి, పిడి పట్టుకుని తొంభై డిగ్రీలు వంచాలి. విరిగితే పరీక్ష పోయినట్టే.

అమెరికన్ బ్లేడ్‌స్మిత్ సొసైటీ తన సభ్యులకు పెట్టే పరీక్ష ఇది. మేరీల్యాండ్‌కు చెందిన బిల్ మోరాన్ అనే కత్తుల కమ్మరి, మరికొందరు కలిసి 1976లో ఈ సంఘాన్ని మొదలుపెట్టారు. యంత్రాల మీద కోసిన కత్తులే రాజ్యమేలుతున్న కాలంలో కొలిమి పనిని బతికించుకోవడం వాళ్ళ ఉద్దేశం. ‘జర్నీమన్ స్మిత్’ అనిపించుకోవాలంటే ముందు ఈ నాలుగు గండాలూ గట్టెక్కాలి. కత్తిని చేసినవాడే వేటు కూడా వేయాలి.

ఇందులో నన్ను పట్టి కుదిపింది తాడూ కాదు, వంపూ కాదు. పరీక్ష కత్తికి వాళ్ళు గీసిన హద్దులు. అలుగు పదంగుళాలు మించకూడదు. పిడితో కలిపి పదిహేను అంగుళాలు దాటకూడదు. వెడల్పు రెండంగుళాలకు లోబడాలి. 10, 15, 2. ఈ మూడు అంకెల మధ్య, గొడ్డలి పనీ మంగలి కత్తి పనీ రెండూ చేసే వస్తువును ఇరికించాలి.

నాకు ఇది ఎందుకు పట్టిందంటే, రెండేళ్ళుగా నేనూ అలాంటి ఇరుకులోనే ఉన్నాను. కోనసీమలో మా ఇంట్లో కొబ్బరికాయ కొట్టడానికో కత్తి, కూరలకు కత్తిపీట, కంద దుంప నరకడానికి వేరే కత్తి ఉండేవి. హైదరాబాద్ ఫ్లాట్‌లో కత్తిపీట వేసుకుని కూర్చునే నేల లేదు. వంటింటి సొరుగు పన్నెండు అంగుళాల లోతు, ఎనిమిది అంగుళాల వెడల్పు. దుకాణాల్లో దొరికే పల్చటి కత్తులు కంద మీద వంకర్లు పోతాయి. మాంసం నరికే కత్తి సొరుగులో పట్టదు, దాన్ని ఎత్తితే నా మణికట్టు నొస్తుంది. నాకు కావలసింది చిన్న కత్తి, కాని పెద్ద కత్తి పని చేయాలి. సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు, అట్టముక్క మీద బొమ్మ గీసుకుని, కత్తిరించుకుని, మా ఊరి కొలిమి దగ్గరకు వెళ్ళాను.

కొలిమి నడిపే బాబాయ్ అట్టముక్కను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ ఊపాడు. డెబ్భై దాటిన మనిషి. కొబ్బరి దింపు తీసేవాళ్ళకు కత్తులు చేసి చేసి, చెట్టెక్కే మనిషిని చూస్తేనే ఏ కత్తి సరిపోతుందో చెప్పగలడు.

“బొమ్మ బాగానే ఉందమ్మాయ్. బరువెక్కడ?”

“బరువు ఎంతుండాలో మీరే చెప్పండి బాబాయ్.”

“ఎంత అని కాదు. ఎక్కడ అని అడుగుతున్నాను.”

ఆ ప్రశ్న దగ్గరే ఈ కథంతా ఉంది. రెండంగుళాల వెడల్పు, పదంగుళాల పొడవు, పావంగుళం మందం ఉన్న ఉక్కు బద్ద తీసుకోండి. అది 640 గ్రాముల పైచిలుకు తూగుతుంది. దానికి పిడి వేసి ఎత్తితే ఇనుప కడ్డీ ఎత్తినట్టే ఉంటుంది తప్ప కత్తిలా ఉండదు. అంచు దించాలి, కొస పల్చబరచాలి. అలా తీసేసేటప్పుడు సగం బరువు రాలిపోతుంది. మిగిలిన సగాన్ని ఎక్కడ ఉంచావన్నదే కమ్మరి పనితనం.

మణికట్టు దగ్గర ఇరుసు ఉందనుకుందాం. అలుగు మొదట్లో, అంటే మణికట్టుకు ఐదంగుళాల దూరంలో ఉన్న యాభై గ్రాముల ఉక్కును అక్కణ్నుంచి తీసి, కొస వైపు పన్నెండు అంగుళాల దూరంలో పెట్టామనుకోండి. కత్తి మొత్తం బరువు గ్రాము కూడా పెరగలేదు. కాని అంతే వేగంతో తిప్పినప్పుడు ఆ యాభై గ్రాములు మోసుకొచ్చే శక్తి ఐదున్నర రెట్లకు పైగా పెరుగుతుంది, ఎందుకంటే దూరం వర్గం లెక్కన పనిచేస్తుంది. పొడవు పెంచే దారి మూసుకుపోయినవాడికి మిగిలిన పెద్ద ఆస్తి ఇదే. మూతి బరువు.

నేపాలీల ఖుక్రీ వంక తిరిగి కిందికి ఒరిగి ఉండడంలో ఉన్న కిటుకు ఇదే. నడుము దగ్గర సన్నగా, మూతి దగ్గర పొట్టతో ఉంటుంది. పైగా ఆ వంపు వల్ల వేటు పడేటప్పుడు అంచు కాస్త వాలుగా జారుతూ దిగుతుంది. మన బొండాల కత్తి కూడా మూతి దగ్గరే వెడల్పు. రోడ్డు పక్కన బొండాలు కొట్టే మనిషి మోచేతిని పెద్దగా కదపడు, మణికట్టు విదిలిస్తాడు, మిగతా పని మూతి చేసుకుపోతుంది.

అయితే మూతి బరువు అప్పు లాంటిది. ఎత్తేటప్పుడు తీర్చాలి. బరువెక్కువైతే వేటు వేగం పడిపోతుంది, వేగం సగమైతే శక్తి నాలుగో వంతుకు దిగుతుంది. వేలాడే తాడు ముందు ఈ అప్పు బయటపడుతుంది. చెక్కకు వెనక ఆనుకోవడానికి ఏదో ఒకటి ఉంటుంది, తాడుకు గాలి తప్ప ఏదీ లేదు. నెమ్మదిగా వచ్చిన బరువైన కత్తి తాడును కోయదు, పక్కకు తోసేస్తుంది. తాడు తప్పుకునే లోపు అంచు దాన్ని దాటిపోవాలి. కాబట్టి తాడు తేలికైన, పల్చటి, కరుకైన కత్తిని అడుగుతుంది, చెక్క బరువైన దాన్ని అడుగుతుంది. ఈ రెండు పరీక్షలనూ పక్కపక్కనే పెట్టినవాళ్ళు కత్తిని బాగా ఎరిగినవాళ్ళు.

బ్యాటు పట్టిన ప్రతి పిల్లవాడికీ తెలిసిన సంగతి ఇంకొకటుంది. బంతి ఒకచోట తగిలితే చేతులకు తెలియనే తెలియదు, ఇంకోచోట తగిలితే అరచేతులు జివ్వుమంటాయి. కత్తిలోనూ అలాంటి చోటు ఉంటుంది. ఒకే మందంగా ఉన్న పదిహేను అంగుళాల బద్దను ఒక చివర పట్టుకుని తిప్పితే, పట్టుకున్న చివర నుంచి మూడింట రెండు వంతుల దూరంలో, సరిగ్గా పది అంగుళాల దగ్గర ఆ చోటు వస్తుంది. పిడి ఐదంగుళాలు తీసేస్తే అలుగు నట్టనడుమ. నరికేవాడికి అది ఇంకాస్త ముందుకు ఉంటే బాగుంటుంది. వెనక మందం తగ్గించి, మూతి వెడల్పు కాపాడితే ఆ చోటు కూడా ముందుకు జరుగుతుంది. బాబాయ్‌కి ఈ లెక్కలతో పనిలేదు. సగం చేసిన అలుగును తోక దగ్గర రెండు వేళ్ళతో వదులుగా పట్టుకుని, చెక్క మీద అంగుళం అంగుళం జరుపుతూ కొడతాడు. వేళ్ళకు అదురు తెలియని చోట సుద్దముక్కతో గీత పెడతాడు.

ఆయన నా కత్తికి పెట్టిన మొదటి గీత అలుగు మధ్యకు ఇవతలే పడింది. “ఇది మెడ బలిసిన కత్తి” అని మళ్ళీ కొలిమిలో పెట్టాడు.

వెడల్పుకు రెండంగుళాల హద్దు ఎందుకు ముఖ్యమో కొలిమి దగ్గర కూర్చుంటేనే అర్థమైంది. వెడల్పు ఉన్న కత్తిలో వీపు నుంచి అంచు దాకా వాలు పొడుగ్గా, సన్నగా దిగుతుంది, అందుకే మందమైన వీపు ఉన్నా అంచు పల్చగా ఉండగలదు. వెడల్పు తగ్గితే ఆ వాలు నిటారుగా తయారై కత్తి చీల అవుతుంది. చీల చెక్కను చీలుస్తుంది, అడ్డంగా నరకదు. రెండంగుళాల లోపు ఈ వాలును ఎలా మలచాలన్న దగ్గరే ఒక్కో కమ్మరిది ఒక్కో దారి. చాలామంది బల్లపరుపుగా కాకుండా, బియ్యపు గింజ పొట్టలా కాస్త ఉబ్బుగా దించుతారు. పక్కలు బల్లపరుపుగా ఉంటే తడి చెక్క వాటిని జలగలా పట్టేసుకుంటుంది, ప్రతి వేటుకూ పీకి తీయాలి. ఉబ్బు ఉంటే చెక్కకూ కత్తికీ మధ్య సందు మిగులుతుంది, కత్తి తనంతట తాను ఊడి వస్తుంది. పరీక్షలో నరికే చెక్కను అక్కడివాళ్ళు ‘టూ బై ఫోర్’ అంటారు. పేరుకు రెండు, నాలుగు అంగుళాలే కాని, చిత్రిక పట్టాక దాని అసలు కొలత ఒకటిన్నర, మూడున్నర. అయినా చిన్న కత్తికి అది కొండే. ఇటో వాలు, అటో వాలు వేస్తూ నోరు తెరుచుకున్న గంటులాగా తవ్వుకుంటూ పోవాలి.

ఎవరూ రాయని నాలుగో హద్దు

మూడు కొలతలూ చెప్పిన నిబంధన మందం గురించి మాత్రం నోరెత్తదు. మొదటిసారి చదివినప్పుడు మరిచిపోయారేమో అనుకున్నాను. కాదు, ఆ హద్దును వంపు పరీక్షకు అప్పగించారు.

ఏదైనా బద్దను వంచినప్పుడు బయటి వైపు సాగుతుంది, లోపలి వైపు నలుగుతుంది. ఒకే గుండ్రంలో వంచితే మందం ఎంత ఎక్కువైతే బయటి చర్మం అంత ఎక్కువ సాగాలి. పది సెంటీమీటర్ల వ్యాసార్ధంలో వంచినప్పుడు ఆరు మిల్లీమీటర్ల కత్తి పైచర్మం మూడు శాతం సాగాలి, నాలుగు మిల్లీమీటర్లదైతే రెండు శాతంతో బయటపడుతుంది. గట్టిపడిన ఉక్కుకు ఆ ఒక్క శాతం చావుబతుకుల తేడా. నరకడానికి పనికొస్తుందని మందం ఉంచుకున్నవాడు వైసు దగ్గర మూల్యం చెల్లిస్తాడు.

మరి వెంట్రుకలు గొరిగేంత గట్టి అంచు తొంభై డిగ్రీలు వంగుతుందా? మొత్తం కత్తి అంచంత గట్టిగా ఉంటే వంగదు, గాజుపలకలా విరుగుతుంది. అందుకే ఒకే ఉక్కులో రెండు గుణాలు పుట్టించాలి. అంచు గట్టిగా, వీపు మెత్తగా. కొందరు అంచును మాత్రమే నూనెలో ముంచి వీపును బయటే ఉంచుతారు. కొందరు మొత్తం గట్టిపరిచి, అంచును నీళ్ళలో ఉంచి వీపును మంటతో మళ్ళీ కాల్చి నీలిరంగు వచ్చేదాకా మెత్తబరుస్తారు. వైసులో వంచినప్పుడు అంచులో ఎక్కడైనా చిన్న పగులు మొదలైనా, మెత్తటి వీపు దాన్ని అక్కడే ఆపుతుంది. అలా వంగిన కత్తి ఇక ఎందుకూ పనికిరాదు. నెగ్గినా ఓడినా ఆ కత్తి అక్కడితో సరి. వారాల తరబడి చేసిన వస్తువును నెగ్గించడం కోసం తనే వంచేసుకోవడం ఎంత కష్టమో చేతిపని చేసేవాళ్ళకు చెప్పనక్కర్లేదు.

ఆ పరీక్షకు అమెరికాలో చాలామంది ఎంచుకునే ఉక్కు పేరు 5160. నూటికి 0.6 పాళ్ళు కర్బనం, కాస్త క్రోమియం. లారీల కమాను పట్టీలు చేసే రకం. బాబాయ్ వాడేదీ లారీ కమాను పట్టీయే. మన దేశపు పట్టీల్లో సిలికాన్, మాంగనీసు పాలు ఎక్కువ ఉన్నవి తరచు కనిపిస్తాయి, గుణం మాత్రం దగ్గర చుట్టమే. గోతుల్లో ఎగిరిపడే లారీని ఏళ్ళ తరబడి మోసిన ఉక్కుకు వంగి లేవడం అలవాటు. ఇంగ్లిషు పుస్తకమేదీ చదవకుండానే మన కొలిములు అదే ఉక్కు దగ్గరకు చేరాయి.

కత్తికి పదును పట్టించే రోజు బాబాయ్ సాయంత్రం దాకా ఆగాడు. వెలుగులో రంగు అబద్ధం చెబుతుందట. పాకలో చీకటి పడ్డాక బ్లోయరు తగ్గించి, అలుగును బొగ్గుల మీద ముందుకూ వెనక్కూ జరుపుతూ కాల్చాడు. పండు మిరప రంగు దాటి కాస్త నారింజ వైపు తిరుగుతుండగా, అయస్కాంతం ముక్క ఆనించి చూశాడు. అంటుకోలేదు. ఇనుము 770 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర అయస్కాంత గుణం పోగొట్టుకుంటుంది. అది దాటి మరికొంచెం వేడెక్కాక, అంచును మాత్రం వాడేసిన ఇంజనాయిల్ డబ్బాలో దించాడు. పొగ, మంట, కమురు వాసన. వీపు ఇంకా ఎర్రగానే ఉంది. బయటికి తీసి, అంచు మీద ఆకురాయి నాలుగుసార్లు గీకి మెరుపు తెచ్చి, ఊరుకుని చూశాడు. వీపులో మిగిలిన వేడి అంచు వైపు పాకుతోంది. మెరుస్తున్న గీత మీద మొదట ఎండుగడ్డి రంగు, తర్వాత తేనె రంగు వచ్చాయి. ఊదా రంగు వెనక నుంచి తరుముకొస్తుండగా మళ్ళీ నూనెలో ముంచేశాడు. తేనె రంగు దగ్గర ఆపాడన్నమాట. ఊదా దాకా రానిస్తే అంచు మెత్తబడేది, గడ్డి రంగు దగ్గరే ఆపేస్తే కందలో గట్టి చోటు తగిలినప్పుడు పెచ్చులూడేది. ఈ నిర్ణయానికి దొరికిన వ్యవధి కొన్ని క్షణాలే. అరవయ్యేళ్ళ అనుభవం ఆ క్షణాల్లోకి వచ్చి కూర్చోవడం నేను కళ్ళారా చూశాను.

కొలత ఒకటే, కత్తి వేరు

అమెరికాలోనే బ్లేడ్‌స్పోర్ట్స్ అనే పోటీలు జరుగుతాయి. అక్కడా అవే హద్దులు, పదంగుళాల అలుగు, పదిహేను అంగుళాల కత్తి, రెండంగుళాల వెడల్పు. చెక్క నరకడం, తాడు కోయడం ఉన్నాయి, వాటితో పాటు దొర్లుతున్న టెన్నిస్ బంతిని రెండు ముక్కలు చేయడం, నీళ్ళ సీసాలు కోయడం, నిలబెట్టిన స్ట్రాలు తెగ్గొట్టడం కూడా ఉన్నాయి. కత్తి చేయి జారి ఎవరి మీదా పడకుండా పిడికి తాడు కట్టి చేతికి తగిలించుకోవాలని నిబంధన. కాని అక్కడ వంపు పరీక్ష లేదు. ఆ ఒక్కటి తీసేసేసరికి కత్తి మారిపోయింది. అక్కడి పోటీదారుల్లో చాలామంది సీపీఎం ఎం4 లాంటి పొడి నుంచి చేసిన ఉక్కును, కోత యంత్రాల పనిముట్లకు వాడే జాతిదాన్ని, ఎంతో గట్టిగా పదును పట్టించి వాడతారు. అలాంటి అలుగును తొంభై డిగ్రీలు వంచితే నిలిచే దారి లేదు. దాన్ని అడిగేవాళ్ళూ అక్కడ లేరు. మూడు అంకెలూ అవే ఉన్నా, ఏ పని అడుగుతున్నామన్నదాన్ని బట్టి లోపలి కత్తి వేరవుతుంది.

మన ఆయుధ నిబంధనల్లో కూడా ఒక గీత ఉంది. అలుగు తొమ్మిదంగుళాలు మించినా, రెండంగుళాల కంటే వెడల్పైనా ఆయుధాల పట్టికలో చేరుతుంది. ఇంటి పనికీ, వ్యవసాయానికీ, పరిశ్రమకూ తయారైనవి మినహాయింపు. దింపు కత్తీ, కొడవలీ అందుకే బతికిపోయాయి.

దింపు కత్తికి చట్టం కంటే కచ్చితమైన హద్దు ఇంకొకటుంది, మనిషి ఒళ్ళు. నడుముకు కట్టుకుని చెట్టెక్కేటప్పుడు అది తొడకు తగలకూడదు, మానుకు రాసుకోకూడదు. పైకెళ్ళాక ఒక చేత్తో మట్ట పట్టుకుని రెండో చేత్తో గెల నరకాలి, కత్తి వెనక్కి ఎత్తడానికి చోటుండదు. పొట్టిగా ఉండాలి, తేలిగ్గా ఉండాలి, రెండు వేట్లకు గెల తెగాలి. అమెరికా సంఘం పరీక్ష పెట్టకముందు నుంచే కోనసీమ కొబ్బరి చెట్టు పైన ఆ పరీక్ష రోజూ జరుగుతోంది.

ఇక్కడ ఇంకో పాత బంధం చెప్పకుండా ఉండలేను. 1973లో బిల్ మోరాన్ ఒక ప్రదర్శనలో డమాస్కస్ కత్తులు పెట్టి అమెరికా కమ్మరులను ఆశ్చర్యపరిచాడు. అవి రెండు రకాల ఉక్కును పొరలుగా అతికి చేసినవి. పాతకాలపు అసలు డమాస్కస్ వేరు. దాని ముడిసరుకు మన దేశపు మూసల్లో కరిగిన ఉక్కు ముద్ద, పడమటివాళ్ళు వూట్జ్ అన్నది. నిజామాబాద్ జిల్లా కోనసముద్రం ఆ ఉక్కుకు పేరుపొందిన ఊళ్ళలో ఒకటి. పర్షియా వర్తకులు అక్కడి ఉక్కు కొనుక్కుపోయేవారు. తర్వాత ఫ్లోరిడాలోని అల్ పెండ్రే అనే కమ్మరి, అయోవా స్టేట్ విశ్వవిద్యాలయపు లోహ శాస్త్రజ్ఞుడు జాన్ వెర్హోవెన్ కలిసి ఆ పాత డమాస్కస్ కత్తుల మీది గీతల అల్లికను మళ్ళీ పుట్టించారు. ఉక్కులో అణుమాత్రంగా ఉండే వెనేడియం లాంటి లోహాలే ఆ గీతలకు కారణమని తేల్చారు. మన ఊళ్ళ కొలిమి గుట్టును అక్కడివాళ్ళు అంత శ్రద్ధగా వెతికి పట్టుకున్నారు. ఆ శ్రద్ధ ఇక్కడ మిగిలిన కొలిముల మీద మనం పెడితే ఎంత బాగుండును. మా ఊళ్ళో ఇప్పుడు రాజుకునే కొలిమి బాబాయ్‌ది ఒక్కటే.

నా కత్తి నాలుగో రోజుకు తయారైంది. అలుగు ఏడంగుళాలు. పిడి దగ్గర అంగుళమున్నర వెడల్పు, మూతి దగ్గర రెండు. వీపు మొదట్లో ఐదు మిల్లీమీటర్లు, కొసకు వచ్చేసరికి మూడు. పిడికి తుమ్మ చెక్క, దానికో ఇత్తడి పొన్ను. సుద్ద గీత ఇప్పుడు మూతికి రెండంగుళాల ఇవతల పడింది.

పాక దూలానికి అంగుళం మందం పీచు తాడు కట్టాను. బాబాయ్ ఆశ్చర్యపోయాడు, ఎందుకని అడగలేదు. చుట్టుపక్కల పిల్లలను దూరంగా పంపి, నేనే వేశాను వేటు. తాడు కత్తిని హత్తుకుని ఊగింది. సగం పీచులు తెగాయి, సగం అలాగే వేలాడాయి. రెండోసారీ అంతే. బాబాయ్ కత్తి తీసుకుని బొటనవేలు గోరు మీద అంచు ఆనించి చూశాడు. ముక్కాలిపీట మీద కూర్చుని, ఆకురాయితో ఉబ్బు భుజాలను దించుతూ, తర్వాత నీళ్ళు చల్లిన సానరాయి మీద నెమ్మదిగా లాగుతూ అరగంట గడిపాడు. తిరిగి నా చేతికిచ్చి, “గట్టిగా కొట్టకు. తొందరగా కొట్టు” అన్నాడు.

ముక్క నేల మీద పడిన చప్పుడు చాలా చిన్నది. అది వినిపించాక గాని తెగిందని నాకు తెలియలేదు.

ఇంటికొచ్చి సొరుగు తీసి చూశాను. కత్తి పట్టలేదు. టేపు పెట్టి కొలిచాను. పన్నెండున్నర. నేను గీసిచ్చిన అట్టముక్కలో పిడి నాలుగు ముప్పావు అంగుళాలే. ఫోన్ చేశాను.

“ఆయ్, అరంగుళం పైన పెంచాను. నరికేటప్పుడు చెయ్యి వెనక్కి జారుతుందమ్మాయ్, జారడానికి చోటుండాలి. ఇంకెక్కడైనా తగ్గిస్తాను గాని పిడి దగ్గర తగ్గించను.”

“సొరుగులో పట్టడం లేదు బాబాయ్.”

“ఐమూలగా పెట్టి చూశావా?”

ఐమూలగా పెట్టాను. కొస ఒక మూలకు, పిడి ఎదుటి మూలకు. సొరుగు మూసుకుంది.